ఇంటింటా విజ్ఞానం: చుట్టూ ధ్వని, నడుమ మాట



ఇంటికి కొత్తగా సరౌండ్ సౌండ్ యంత్రం వచ్చినప్పుడు దానితోపాటు ఒక రిమోటు కూడా వస్తుంది. దానిపై ‘సరౌండ్’ అని వ్రాసి ఉన్న మీటను నొక్కిన కొద్దీ తెరపై పేర్లు మారుతూ ఉంటాయి. స్టీరియో, ప్రో లాజిక్, మూవీ, మ్యూజిక్, హాల్, స్టేడియం, నైట్ అంటూ ఆ వరుస సాగుతుంది. పేరు మారిన ప్రతిసారీ ధ్వని కూడా కొంత మారుతుంది. ఏది సరియైనదో చెప్పేవారు మాత్రం ఉండరు. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో ప్రతి అమరికా అద్భుతమనే వ్రాసి ఉంటుంది. కనుక చాలా ఇళ్ళలో మొదటి రోజున ఏది ఆర్భాటంగా వినిపించిందో అదే శాశ్వతంగా నిలిచిపోతుంది.

ఈ అమరికలను పరీక్షించే పద్ధతి ఏమిటని సూరత్ నుండి ఒక సహోద్యోగి వ్రాసిన ఉత్తరమే ఈ నెల శీర్షికకు ఆధారం. ఆయనది కరీంనగర్ ప్రాంతం నుండి బ్రతుకుతెరువు కోసం సూరత్ వెళ్ళి స్థిరపడిన పద్మశాలి కుటుంబం. లింబాయత్, ఉధ్నా పరిసరాలలో ఇటువంటి తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. తండ్రిగారు ముప్పయ్యేళ్ళకు పైగా మరమగ్గాలపై పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. ఉత్తరం సారాంశం ఇది: “అయిదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్ గల యంత్రం కొన్నాను. పిల్లలు సంతోషించారు. బాపు మాత్రం సినిమా సగంలోనే లేచి వెళ్ళిపోతున్నారు. అడిగితే, ‘పాట మంచిగనే ఇనవడుతది కొడుకా, మాటనే సమజైతలేదు’ అంటున్నారు. లోపం యంత్రంలోనా, అమరికలోనా?”

ఈ ప్రశ్నకు ఇంట కూర్చుని సమాధానం వ్రాయడం సాధ్యం కాదనిపించింది. కొద్ది వారాల తరువాత కార్యాలయ పనిపై సూరత్ వెళ్ళవలసి వచ్చినప్పుడు ఒక ఆదివారం వారింట గడిపి, అమరికలన్నింటినీ క్రమంగా పరీక్షించాము. ఆ పరీక్ష వివరాలకు ముందు, ఈ అమరికలు అసలు ఏమి చేస్తాయో తెలుసుకోవడం అవసరం.

రెండు చెవులు, అనేక దిక్కులు

మనకున్నవి రెండే చెవులు. అయినా శబ్దం ఏ దిక్కు నుండి వచ్చినదీ కళ్ళు మూసుకొని చెప్పగలము. కుడివైపు నుండి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందుగానూ, ఎడమ చెవికి కొద్దిగా ఆలస్యంగానూ చేరుతుంది. ఈ తేడా అత్యధికంగా సెకనులో వెయ్యవ వంతులో మూడింట రెండు వంతులు మాత్రమే. మెదడు ఆ స్వల్ప వ్యత్యాసాన్నీ, రెండు చెవుల వద్ద తీవ్రతలో ఉండే తేడానూ కొలిచి దిక్కును నిర్ణయిస్తుంది. ముందు వెనుకల భేదాన్ని చెవి దొప్పలోని మడతలు తెలియజేస్తాయి.

ఈ సూత్రాన్ని ఆధారం చేసుకొని ఆంగ్ల ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లో స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేశాడు. రెండు స్పీకర్ల నుండి ఒకే ధ్వని సమానంగా వచ్చినప్పుడు, వాటికి సరిగా మధ్యలో కూర్చున్న శ్రోతకు ఆ ధ్వని రెండింటి నడుమ నుండి వస్తున్నట్లు తోస్తుంది. అక్కడ నిజానికి స్పీకరేమీ లేదు. ఆ మధ్య ధ్వని కేవలం మెదడు కల్పించుకున్న భ్రాంతి. శ్రోత ఒక పక్కకు జరిగితే ఆ భ్రాంతి చెదిరి, మాట దగ్గరి స్పీకరులోనికి పోతుంది.

ప్రేక్షకుని చుట్టూ ధ్వనిని నింపాలన్న ఆలోచన కూడా పాతదే. వాల్ట్ డిస్నీ సంస్థ 1940లో ‘ఫాంటాసియా’ చిత్రం కొరకు ‘ఫాంటాసౌండ్’ అనే బహుళ స్పీకర్ల పద్ధతిని ప్రయోగించింది. మన దేశంలో 1975 నాటి ‘షోలే’, తెలుగులో 1986 నాటి ‘సింహాసనం’ 70 మి.మీ. తెరతోపాటు స్టీరియోఫోనిక్ ధ్వనిని ప్రేక్షకులకు అందించాయి. ఇళ్ళలో మాత్రం 1970లలో వచ్చిన నాలుగు స్పీకర్ల క్వాడ్రాఫోనిక్ పద్ధతులు ఒకదానితో ఒకటి పొసగక నిలువలేకపోయాయి. ఇంటికి చుట్టుధ్వనిని నిలకడగా తెచ్చినది 1982లో వచ్చిన డాల్బీ సరౌండ్, ఆ తరువాత 1987లో వచ్చిన ప్రో లాజిక్.

రెండు దారులలో నాలుగు ధ్వనులు

క్యాసెట్టులోనూ, నాటి టెలివిజన్ ప్రసారంలోనూ ధ్వనికి ఉన్న దారులు రెండే. ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఆ రెండింటిలోనే నాలుగు ధ్వనులను పంపడం ఎట్లా? దీనికి వాడిన ఉపాయం చిన్న పిల్లలకు తెలిసిన కూడిక, తీసివేతలే.

మధ్యలో వినిపించవలసిన సంభాషణను ఎడమలోనూ కుడిలోనూ సమానంగా కలుపుతారు. వెనుక వినిపించవలసిన ధ్వనిని కూడా రెండింటిలో కలుపుతారు కాని, ఒకదానిలో ఉన్నదానికి రెండవదానిలో ఉన్నది సరిగ్గా వ్యతిరేకంగా ఉండేట్లు కలుపుతారు. ఇంటిలోని యంత్రం రెండు దారులనూ కూడినప్పుడు వ్యతిరేక ధ్వనులు పరస్పరం రద్దై సంభాషణ మిగులుతుంది. అది మధ్య స్పీకరుకు పోతుంది. తీసివేసినప్పుడు సమానంగా ఉన్న సంభాషణ రద్దై వెనుక ధ్వని మిగులుతుంది. అది వెనుక స్పీకర్లకు పోతుంది. పాట నుండి గాయకుని గొంతును తొలగించే పాత కరోకే పరికరాలలో జరిగేది కూడా ఈ తీసివేతే.

ఉత్త కూడిక తీసివేతలతో ధ్వనులు పూర్తిగా వేరుపడవు, కొంత కలగాపులగం మిగిలిపోతుంది. ఏ క్షణంలో ఏ దిక్కు ధ్వని బలంగా ఉన్నదో గమనించి, దానిని తక్కిన స్పీకర్ల నుండి తొలగించే వివేకాన్ని ప్రో లాజిక్ చేర్చింది. వెనుక ధ్వనిని కొద్దిగా, అంటే సెకనులో యాభయ్యవ వంతు ప్రాంతంలో, ఆలస్యం చేసి పంపే ఏర్పాటు కూడా ఉన్నది. ఒకే ధ్వని రెండు చోట్ల నుండి వచ్చినప్పుడు ముందుగా చేరిన దిక్కునే మెదడు నమ్ముతుంది. కనుక వెనుకకు జారిపోయిన మాట తునకలు కూడా ముందు నుండే వచ్చినట్లు తోస్తాయి. 2000లో వచ్చిన ప్రో లాజిక్ 2 వెనుక స్పీకర్లు రెండింటికీ వేరువేరు ధ్వనులను ఇచ్చింది.

1992లో సినిమాహాళ్ళకు వచ్చిన డాల్బీ డిజిటల్‌తో ఈ లెక్కల అవసరం తగ్గింది. అందులో అయిదు స్పీకర్లకు అయిదు దారులు, సబ్ వూఫరుకు ఒక దారి మొదటి నుండీ విడిగానే ఉంటాయి. 2012లో వచ్చిన డాల్బీ ఆట్మాస్ తల పైనుండి వచ్చే ధ్వనిని కూడా చేర్చింది. అయినప్పటికీ మన ఇళ్ళలో వినే పాత పాటలు, వార్తలు, అనేక టెలివిజన్ కార్యక్రమాలు ఒకటి రెండు దారుల ధ్వనులే. వాటిని అయిదు స్పీకర్లకు పంచే పని నేటికీ అమరికలదే.

రిమోటుపై పేర్ల అర్థం

పేర్లు ఎన్ని ఉన్నా అమరికలు నాలుగు జాతులు మాత్రమే.

మొదటిది, ఉన్నదానిని ఉన్నట్లు వినిపించేది. స్టీరియో, డైరెక్ట్ అనే పేర్లు ఈ జాతివి. రెండవది, కూడిక తీసివేతలతో ధ్వనిని వేరుచేసి పంచేది. ప్రో లాజిక్, నియో, నేటి యంత్రాలలోని డాల్బీ సరౌండ్ ఇందులోనివి. మూడవది, లేనిదానిని చేర్చేది. హాల్, స్టేడియం, చర్చ్, జాజ్ క్లబ్ వంటివి ఈ కోవకు చెందుతాయి. పెద్ద సభామందిరంలో గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వనులను యంత్రం లెక్కగట్టి మూల ధ్వనికి కలుపుతుంది. యమహా సంస్థ 1986లో తెచ్చిన డి.ఎస్.పి.-1 ఈ జాతికి పేరెన్నికగన్నది. నాల్గవది, హెచ్చుతగ్గులను సరిచేసేది. ‘నైట్’ అమరిక పేలుళ్ళను తగ్గించి, గుసగుసలను పెంచుతుంది. ‘డైలాగ్’, ‘క్లియర్ వాయిస్’ వంటివి మాటకు సంబంధించిన భాగాన్ని పైకి తెస్తాయి.

ఈ విభజన తెలిస్తే సగం పరీక్ష పూర్తయినట్లే. ప్రతిధ్వనిని చేర్చే అమరిక వీణావాదనకు ఒక నిండుతనం ఇవ్వవచ్చును. అదే అమరిక వార్తలు చదివే గొంతుకు మసక పట్టిస్తుంది. ఒక హల్లు చెవికి చేరేలోగా దాని ముందున్న అచ్చు ప్రతిధ్వని దానిపై వచ్చి పడుతుంది.

సూరత్‌లో జరిపిన పరీక్ష

మా సహోద్యోగి ఇంటిలోని ముందు గది సుమారు పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉంటుంది. నేలపై టైల్స్, నున్నని గోడలు. చప్పట్లు కొడితే గణగణమని మోగుతుంది. మధ్య స్పీకరు టెలివిజన్ బల్ల అడుగు అరలో, గాజు తలుపు వెనుక ఉన్నది. వెనుక ఉండవలసిన రెండు స్పీకర్లూ తీగ చాలక కుడివైపు బీరువా మీద పక్కపక్కనే కూర్చున్నాయి. ఈ స్థితిలో ఏ అమరికను పరీక్షించినా తేలేది ఏమీ లేదు.

అందువలన ముందుగా స్థానాలను సరిచేశాము. మధ్య స్పీకరును పై అరకు తెచ్చి, అర అంచు వరకు జరిపి, కూర్చున్నవారి చెవుల వైపు కొద్దిగా ఎత్తి పెట్టాము. ఎడమ, కుడి స్పీకర్లను, శ్రోత నుండి చూసినప్పుడు రెండింటి మధ్య 60 డిగ్రీల కోణం ఉండేట్లు అమర్చాము. వెనుకవాటిని శ్రోతకు ఇరుపక్కలా, కొద్దిగా వెనుకగా, చెవి ఎత్తుకు కాస్త పైన నిలిపాము. గోడకు ఆనించి ఉన్న సోఫాను ఒక అడుగు ముందుకు జరిపాము. సూరత్‌లో గుడ్డకు కొదవ లేదు కదా అని ఆ ఇంటి కోడలు గారు చీరల తెర ఒకటి తెచ్చారు. పలుచని పాలియెస్టర్ తెర ప్రతిధ్వనిని పీల్చదు. దానికి బదులుగా ఒక మందపాటి బొంతను గోడకు వ్రేలాడదీసి, నేలపై జంపఖానా పరిపించాము. గణగణ చాలావరకు తగ్గిపోయింది.

తరువాత ప్రతి స్పీకరు దూరాన్నీ టేపుతో కొలిచి యంత్రానికి తెలిపాము. ధ్వని ఒక మీటరు దూరం పోవడానికి సెకనులో వెయ్యవ వంతులు మూడు పడతాయి. దూరాలు తెలిస్తే యంత్రం దగ్గరి స్పీకరును తగినంత ఆలస్యం చేసి, అన్ని ధ్వనులూ ఒకేసారి చేరేట్లు చూస్తుంది. పిమ్మట యంత్రంలోనే ఉన్న పరీక్షా ధ్వనిని వినిపిస్తూ, శ్రోత స్థానం వద్ద అన్ని స్పీకర్ల తీవ్రత సమానంగా ఉండేట్లు ఫోనులోని ధ్వనిమాపకంతో సరిచేశాము.

ఆ తరువాతనే అసలు పరీక్ష ప్రారంభమైనది. దీనికి సినిమాను వాడలేదు. తెలిసిన సినిమాలో మాట వినబడకపోయినా కథ తెలుసును కనుక మనస్సు ఖాళీలను పూరించుకుంటుంది. మొదటి హల్లు తప్ప తక్కినదంతా ఒకటిగా ఉండే మాటల జాబితాను మేము తయారుచేశాము. పాలు, కాలు, తాలు, చాలు. కల, తల, వల, అల. పాట, మాట, బాట. వీటిని కోడలు గారు తమ ఫోనులో సమానమైన గొంతుతో చదివి రికార్డు చేశారు. అమరిక మారినప్పుడల్లా మాటల వరుస కూడా మారేట్లు వేరువేరు వరుసలు సిద్ధం చేశాము. ఒక అమరిక తక్కినవాటికంటె బిగ్గరగా ఉంటే అదే మేలైనదిగా తోస్తుంది కనుక, ప్రతి అమరికలోనూ తీవ్రతను తిరిగి సమానం చేశాము. ఏ అమరిక నడుస్తున్నదో శ్రోతకు తెలియకుండా మనుమరాలు వెనుక కూర్చుని రిమోటు నొక్కుతూ జవాబులు వ్రాసుకున్నది. పెద్దాయన విన్న మాటను తిరిగి చెప్పడమే పని.

ఫలితాలు స్పష్టంగా వచ్చాయి. హాల్, స్టేడియం అమరికలు అన్నింటికంటె అడుగున నిలిచాయి. వాటిలో పాలు, కాలు, తాలు మూడూ ఆయనకు “ఆలు” గానే వినిపించాయి. స్టీరియో వాటికంటె ఎంతో మేలు, అయితే సోఫా నడుమ కూర్చున్నప్పుడు మాత్రమే. ప్రో లాజిక్ దానికంటె మెరుగు. దీనికి కారణం ఉన్నది. స్టీరియోలో ఒకే మాట రెండు స్పీకర్ల నుండి ప్రతి చెవికీ రెండుసార్లు, స్వల్ప తేడాతో చేరుతుంది. ఆ తేడా వలన 2000 హెర్ట్జ్ ప్రాంతంలో ధ్వని కొంత బలహీనపడుతుంది. హల్లులకు కీలకమైన ప్రాంతం అది. నిజమైన మధ్య స్పీకరు నుండి మాట ఒక్కసారే చేరుతుంది. మధ్య స్పీకరును మరో 3 డెసిబెళ్ళు పెంచినప్పుడు ప్రో లాజిక్ ఫలితం అన్నింటికంటె పైకి వచ్చింది.

తరువాత సినిమా పెట్టి, ప్రో లాజిక్‌కు నైట్ అమరికను జోడించి చూపినప్పుడు పెద్దాయన ఒక గంటసేపు కదలకుండా కూర్చున్నారు. ఇంతటితో ఉత్తరానికి జవాబు దొరికినట్లే కనబడుతుంది. కాని మనుమరాలి నోటు పుస్తకంలో ఇంకొక సంగతి ఉన్నది.

మగ్గం తీసుకొనిపోయినది

అన్నింటికంటె మేలైన అమరికలో కూడా ఆయన కొన్ని మాటలను పోల్చుకోలేకపోయారు. ఆ తప్పులు చెదురుమదురుగా లేవు. పోయినవన్నీ మెత్తని, హెచ్చు పౌనఃపున్యం గల హల్లులే. త, క, స, చ వంటివి. అచ్చులు ఒక్కటి కూడా పోలేదు. అదే జాబితాను అదే అమరికలో విన్న కొడుకు, కోడలు ఒక్క తప్పు కూడా చేయలేదు. అనగా మిగిలిన లోపం యంత్రానిది కాదు.

షటిల్ మరమగ్గాల షెడ్డులో శబ్దం సాధారణంగా 90 డెసిబెళ్ళు దాటి 100 దరిదాపులకు చేరుతుంది. ఫ్యాక్టరీల నియమాలలో రోజుకు 8 గంటలకు 90 డెసిబెళ్ళు పరిమితిగా నిర్ణయించారు. శబ్దం 95కు పెరిగితే పరిమితి 4 గంటలకు, 100కు పెరిగితే 2 గంటలకు తగ్గుతుంది. పన్నెండు గంటల పాళీలు వాడుకగా ఉన్న పరిశ్రమలో ఒక మనిషి చెవి ముప్పయ్యేళ్ళలో ఎంత భారం మోసి ఉంటుందో పాఠకులే లెక్కకట్టగలరు.

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. అవి ఒకసారి నశిస్తే మనిషిలో మరల పుట్టవు. ఎడతెగని రొదకు ముందుగా దెబ్బతినేది 4000 హెర్ట్జ్ ప్రాంతానికి చెందిన కణాలు. హల్లుల స్పష్టత చాలావరకు ఆ పరిసరాలలోనే ఉన్నది. అచ్చుల బలం దిగువ పౌనఃపున్యాలలో ఉన్నది. అందుచేతనే ఇటువంటి చెవికి పాటలోని రాగం, డోలు దెబ్బ చక్కగా వినిపిస్తాయి, మాట మాత్రం చేరదు. “పాట మంచిగనే ఇనవడుతది, మాటనే సమజైతలేదు” అని ఆ పెద్దాయన చెప్పినది చాదస్తం కాదు. వైద్యుడు చెప్పవలసిన సంగతిని ఆయన అక్షరాలా ముందే చెప్పారు.

ఇంటివారు దీనిని ఇంతకాలం గమనించకపోవడానికి కూడా కారణం ఉన్నది. మగ్గాల రొదలో పనిచేసేవారు ఎదుటివారి పెదవుల కదలికను చూసి మాటను గ్రహించడం తెలియకుండానే నేర్చుకుంటారు. ఇంగ్లండులోని లాంకషైర్ నేత మిల్లులలో ఈ విద్య ఎంతగా పెరిగినదంటే దానికి ‘మీ-మాయింగ్’ అని ఒక పేరే ఏర్పడింది. ఎదురుగా కూర్చుని మాట్లాడే కొడుకు మాట ఆయనకు అందుతూనే ఉన్నది. తెరపై పెదవులు కనబడనప్పుడు, ఇంకొక భాష నుండి అనువదించిన చిత్రంలో పెదవులు ఒకటి, మాట ఒకటి అయినప్పుడు ఆ సాయం తెగిపోతుంది. అప్పుడే ఆయన లేచి వెళ్ళిపోతున్నారు.

మా సలహాపై కుటుంబం వారు చెవి పరీక్ష చేయించారు. మాటల జాబితా సూచించిన సంగతినే ఆడియోగ్రామ్ కూడా ధ్రువపరచిందని, వినికిడి యంత్రం అమర్చారని సహోద్యోగి తరువాత వ్రాశారు. ఆ ఉత్తరంలో తండ్రిగారు అడిగిన ఒక మాట కూడా ఉన్నది: “మా తమ్ముని కొడుకులు ఇంకా సాంచెల మీదనే ఉన్నరు. ఆళ్ళ చెవులకేం పెట్టుకోవాల్నో ఆ సారును అడుగు.”

సమాధానం మన సంస్థలో అందరికీ తెలిసినదే. కంప్రెసర్, టర్బైన్, బ్లోయర్ గదుల వద్ద మనకిచ్చే ఇయర్ ప్లగ్గులు, ఇయర్ మఫ్‌లే అవి. విలువ స్వల్పం. శబ్దం వలన కలిగే చెవుడును ఫ్యాక్టరీల చట్టం వృత్తివ్యాధుల జాబితాలో చేర్చారు. అయినా చిన్న షెడ్లలో పనిచేసేవారికి ఈ రక్షణ అరుదుగా అందుతుంది. మనకు అందుబాటులో ఉన్నా జేబులో పెట్టుకొని తిరిగేవారు మనలోనే లేకపోలేదు. వారికి ఈ వృత్తాంతం వినిపించవలసినదిగా మనవి.

మీ ఇంట పరీక్షించే విధానం

పాఠకుల సౌకర్యార్థం పరీక్ష క్రమాన్ని సంగ్రహంగా ఇస్తున్నాము.

1. ముందుగా తీగలు చూడండి. పాత ఏకధ్వని పాట ఒకటి స్టీరియోలో పెట్టండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ ఒక చోట నిలవాలి. ఎక్కడ ఉన్నదో తెలియకుండా చెదిరి, గంభీర స్వరాలు పలుచబడితే, యంత్రాన్ని ఆపి ఒక స్పీకరు ఎరుపు, నలుపు తీగలు తారుమారయ్యాయేమో పరిశీలించండి.

2. అదే పాటను ప్రో లాజిక్‌లో పెట్టండి. ఎడమ, కుడి సమానం కనుక తీసివేస్తే మిగిలేది సున్న. పాట మధ్య స్పీకరు నుండి మాత్రమే రావాలి, వెనుక స్పీకర్లు దాదాపు మౌనంగా ఉండాలి. అవి బిగ్గరగా పాడుతుంటే, ప్రతిధ్వనిని చేర్చే అమరిక ఏదో పనిచేస్తున్నదని అర్థం.

3. స్పీకర్ల స్థానం, దూరం, తీవ్రత సరిచేయకుండా అమరికల పోలిక మొదలుపెట్టవద్దు. మైకుతో తానే కొలుచుకునే యంత్రమైతే ఆ కొలత సమయంలో ఫ్యాను ఆపి, గదిని నిశ్శబ్దంగా ఉంచండి.

4. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయండి. తీవ్రతను సమానం చేయండి. ఏది నడుస్తున్నదో వినేవారికి చెప్పవద్దు.

5. సంగీతానికి, మాటకు వేరువేరుగా పరీక్షించండి. స్టీరియోలో రికార్డు చేసిన పాటకు స్టీరియోయే తగినది కావచ్చును. వార్తలకు, నాటకానికి, సినిమాకు మధ్య స్పీకరు ముఖ్యం.

6. మాటల జాబితాను మీ ఇంటివారి గొంతుతోనే తయారుచేసుకొని, ఇంటిలో అందరికంటె తక్కువ వినబడేవారిని శ్రోతగా కూర్చోబెట్టండి. వారికి మాట చేరిన అమరికయే ఆ ఇంటికి సరియైన అమరిక. పిల్లలకు ఆర్భాటం కావలసినప్పుడు మీట ఒకటి నొక్కితే చాలును.

7. మాట తెలియనప్పుడు మొత్తం ధ్వనిని పెంచుకుంటూ పోవద్దు. దెబ్బతిన్న చెవికి చిన్న ధ్వని వినబడదు, పెద్ద ధ్వని అందరికంటె ముందే బాధిస్తుంది. మధ్య స్పీకరును మాత్రం పెంచండి. పెద్దలకు వారానికి 40 గంటలు, 80 డెసిబెళ్ళు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు. సంక్రాంతినాడు సూరత్ మేడలపై గాలిపటాలతోపాటు పెట్టే లౌడుస్పీకర్ల దగ్గర నిలబడిన యువకులు ఆ హద్దును ఒక్క పూటలోనే దాటగలరు.

అన్నీ సరిచేసిన తరువాత కూడా ఇంటిలో ఒకరికి మాత్రమే హల్లులు జారిపోతుంటే, వారిని ఇ.ఎన్.టి. వైద్యుని వద్దకు తీసుకొనిపొండి. సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ బోధనాసుపత్రులలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంటుంది. బధిరత్వ నివారణకు కేంద్ర ప్రభుత్వం 2006-07లో ఒక జాతీయ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. “వయసు మీద పడింది, అంతే” అని ఊరకుండడం తగదు. మాట అందని మనిషి మొదట సినిమా నుండి లేచిపోతాడు, తరువాత కబుర్ల నుండి, చివరకు భోజనాల బంతి నుండి కూడా తప్పుకుంటాడు.

మీ ఇళ్ళలో జరిపిన పరీక్షల ఫలితాలను, మీ ప్రాంతపు మాటలతో కూర్చిన జాబితాలను మాకు వ్రాసి పంపగలరు. ఉపయోగకరమైన వాటిని రాబోయే సంచికలలో ఈ శీర్షిక క్రింద ప్రచురించగలము.